ఆటల సంఘము ఎవరిది?

మన తెలుగునాట ఆటల సంఘము లేని ఊరు అరుదు. ఉన్నత పాఠశాల వెనుక కబడ్డీ కోర్టు, మునిసిపాలిటీవారు అద్దెకిచ్చిన షెడ్డులో షటిల్ ఆట, చెరువుగట్టు దిగువను వాలీబాల్ వల - ఇట్టి చోట్ల పదిమంది యువకులు కూడి ఆడుకొనుచుందురు. కొంతకాలమునకు వారు తమ కూటమికి ఒక పేరు పెట్టుకొందురు, చందాలు వేసికొందురు, సంక్రాంతికి పోటీలు నడుపుదురు, బోర్డు వ్రాయించి అధ్యక్షుని పేరును, కార్యదర్శి పేరును దానిపై ఎక్కింతురు. అంతవరకు ఎవ్వరికిని ఏ సందేహమును కలుగదు. బ్యాంకులో కొంత సొమ్ము చేరిన పిమ్మటనో, మైదానముపై ఎవరి కన్నో పడిన పిమ్మటనో, జిల్లా పోటీలకు జట్టును ఎన్నుకొనవలసి వచ్చినప్పుడో ఒక ప్రశ్న తల ఎత్తును. ఈ సంఘము ఎవరిది? స్థాపించినవారిదా, సొమ్మిచ్చినవారిదా, అధ్యక్షునిదా, ఆడువారిదా?

చట్టము చెప్పు సమాధానము సూటియైనది. అది ఎవరి సొంత ఆస్తియు కాదు. ఏ ప్రయోజనమునకై దానిని స్థాపించిరో ఆ ప్రయోజనమునకు అది కట్టుబడియున్నది. పదవులలో నున్నవారు కాపలాదారులు. సంఘములపై చట్టము మోపిన విధులన్నియు, అనగా జాబితాలు, లెక్కలు, సమావేశములు, ఫిర్యాదుల విచారణ మున్నగునవి, ఈ ఒక్క మాటనుండి పుట్టినవే. ఇవి గుమాస్తాల చాదస్తమని చులకన చేయువారు కలరు. ఆ చులకనకు మూల్యము చెల్లించువారు సాధారణముగా వారు కారు, ఆటగాండ్రు. ఈ సంగతినే కొంత వివరింపదలచితిమి.

మన దేశమున సంఘముల నమోదునకు మూలమైనది 1860వ సంవత్సరపు 21వ చట్టము. ఇంగ్లండులో 1854లో సాహిత్య వైజ్ఞానిక సంస్థలకై చేసిన శాసనము దానికి మాతృక. ఏడుగురు కూడినచో సంఘమును నమోదు చేసికొనవచ్చునని అది చెప్పినది. ఏయే ప్రయోజనములకు సంఘములు ఏర్పడవచ్చునో ఒక పట్టీ కూడ ఇచ్చినది: ధర్మకార్యములు, శాస్త్రము, సాహిత్యము, లలితకళలు, విద్య, గ్రంథాలయములు, ప్రదర్శనశాలలు. ఆ పట్టీలో ఆటల మాట లేదు. ఆట యనగా పొద్దుపోని దొరల వినోదమనియో, పిల్లల అల్లరి యనియో నాటివారు తలచిరి కాబోలు. తెలంగాణ ప్రాంతమునకు 1350 ఫసలీ నాటి వేరొక చట్టముండెడిది. 2001లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 35వ చట్టమును చేసి, ఉభయ ప్రాంతములకు ఒకే శాసనమును ఏర్పరచినది. 2014లో రాష్ట్రము రెండైన తరువాతను రెండు రాష్ట్రములందును ఆ శాసనమే నడచుచున్నది. కళలు, సాహిత్యముల సరసను ఈ చట్టము క్రీడలను పేరుపెట్టి చేర్చినది. చేర్చుచునే, అదృష్టముపై ఆధారపడు ఆటలు ఇందులోనికి రావని ఒక కంచె వేసినది. ఆ కంచె కథ ముందు వచ్చును.

నమోదు చేసికొనుట నిర్బంధమా యని కొందరడుగుదురు. సాయంకాలము ఆడుకొని ఇండ్లకు పోవువారికి నిర్బంధము కాదు. ఐతే నమోదు కాని సంఘమునకు చట్టము దృష్టిలో తనదైన వ్యక్తిత్వము లేదు. స్థలము కొన్నచో ఎవరో ఒక పెద్దమనిషి పేర కొనవలెను. ఆయన ఉన్నన్నాళ్లు చిక్కు లేదు. ఆయన కాలము చేసిన పిదప వారసులు వచ్చి దస్తావేజు చూపుదురు. కౌలు పత్రమునకు, బ్యాంకు ఖాతాకు, పోటీలకు తెచ్చిన షామియానా బాకీకి గూడ వ్యక్తులే పూచీపడవలసి వచ్చును. జిల్లా సంఘములు, రాష్ట్ర సంఘములు తమ అనుబంధమును ఇచ్చునప్పుడు సాధారణముగా మొదట అడుగునది నమోదు పత్రమునే. కావున కొంచెము పెద్ద పని తలపెట్టిన ప్రతి సంఘమును జిల్లా రిజిస్ట్రారు కార్యాలయపు మెట్లు ఎక్కక తప్పదు.

మా ఎరుకలో అనేక సంఘములు ఆ మెట్లను ఒక్కమారు మాత్రమే ఎక్కినవి. పత్రమును అద్దపు చట్రములో బిగించి గోడకు తగిలించుటతో తమ పని తీరినదని తలచినవి. నిజమునకు పని అప్పుడే మొదలగును. ఏటేట సర్వసభ్య సమావేశమును జరుపవలెను. జమాఖర్చులను తనిఖీ చేయించి సభ్యుల ముందు పెట్టవలెను. కార్యవర్గ సభ్యుల పేర్లను, చిరునామాలను, వృత్తులను తెలుపు జాబితాను గడువులోగా రిజిస్ట్రారునకు పంపవలెను. నియమావళిలో మార్పు చేసినచో, కార్యాలయపు చిరునామా మారినచో, దానిని కూడ తెలుపవలెను. ఇందులో కష్టమైన దొక్కటియు లేదు. అన్నియు కలిపినను ఏడాదికి నాలుగు సాయంకాలముల పని.

ఆ నాలుగు సాయంకాలములు లేకపోయినప్పుడు జరుగునదేమి? సంఘములో రెండు పక్షములు పుట్టును. ఇరుపక్షములవారును తామే కార్యవర్గమందురు. చెరియొక ముద్ర, చెరియొక లెటరుహెడ్డు తయారగును. ఇద్దరును జట్లను పంపుదురు. బ్యాంకువారు ఖాతాను నిలిపివేయుదురు. రిజిస్ట్రారు వద్దకు పోయినచో, ఆయన దస్త్రములోని కడపటి జాబితా పదునైదేండ్ల క్రిందటిది. అందలి వారిలో కొందరు గతించిరి, కొందరు ఊరు విడిచిరి. తగవు తీర్చుట రిజిస్ట్రారు పని కాదు. 2001 చట్టపు 23వ విభాగము ప్రకారము సభ్యుడు మధ్యవర్తిత్వ చట్టమును ఆశ్రయింపవలెను, లేదా జిల్లా న్యాయస్థానమునకు పోవలెను. అచ్చట న్యాయమూర్తి మొదట అడుగునది మినిట్సు పుస్తకమును. ఎవరిని ఎన్నడు సభ్యునిగా చేర్చుకొంటిరి, ఎవరికి నోటీసు పంపితిరి, ఎందరు హాజరైరి, ఎవరు ప్రతిపాదించిరి - ఇవి వరుసగా వ్రాసిన నూరు పుటల పుస్తకము ఎంత పెద్ద న్యాయవాది వాదనకన్నను బలమైనది. అది లేనిచో వ్యాజ్యము ఏండ్లు నడచును. ఆ లోపల పదునారేండ్ల బాలుడు ఇరువదియొకటవ యేట అడుగిడును. వయోపరిమితి గల పోటీలు అతని కొరకు ఆగవు గదా!

ఇక ‘లాభాపేక్ష లేని’ యను మాట. దీనికి ప్రజలలో రెండు తప్పు అర్థములున్నవి. అట్టి సంఘము రుసుములు వసూలు చేయరాదని కొందరందురు. లెక్క చెప్పనక్కర లేదని మరికొందరు తలంతురు. ఈ విషయమున మన సికిందరాబాదులో పుట్టిన ఒక వ్యాజ్యము దేశమునకంతటికిని పాఠమైనది. 1963 మే నెలలో పోలీసులు అచ్చటి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై దాడి చేసి, పందెముపై రమ్మీ ఆడుచుండిరని క్లబ్బు నిర్వాహకులపైనను సభ్యులపైనను హైదరాబాదు జూదముల చట్టము క్రింద కేసు పెట్టిరి. మేజిస్ట్రేటు శిక్ష విధించెను, హైకోర్టు కొట్టివేసెను, ప్రభుత్వము సుప్రీంకోర్టునకు పోయెను. 1967 నవంబరులో తీర్పు వచ్చినది. రమ్మీలో పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుట, ఏ ముక్కను ఉంచవలెనో ఏది విడువవలెనో నిర్ణయించుట అవసరము కావున అది ప్రధానముగా నేర్పుతో కూడిన ఆటయని న్యాయస్థానము చెప్పినది. ప్రజలు జ్ఞాపకముంచుకొన్నది ఈ మాటనే. మేము ముఖ్యమని తలచునది రెండవ మాట. క్లబ్బు తన సభ్యులకు కల్పించిన సదుపాయములకై కొంత రుసుము తీసికొన్నంతమాత్రమున అది ఆటపై లాభము పొందినట్లు కాదు. ఆటనుండి క్లబ్బువారు లాభమును గుంజుచున్నట్లు సాక్ష్యమున్నచో అది నేరము కావచ్చునని తీర్పు వివరించినది.

లాభాపేక్ష లేకపోవుట కిదియే అర్థము. సంఘము రుసుము తీసికొనవచ్చును. ఏడాది చివర సొమ్ము మిగులవచ్చును. మిగిలిన మంచిదే, వచ్చే ఏటికి వల కొనవచ్చును. ఆ మిగులు పదవులలో నున్నవారి జేబులకు పోరాదు. 1860 నాటి చట్టము ఈ విషయమును చివరివరకు ఆలోచించినది: సంఘమును రద్దు చేసికొన్నను అప్పులు తీర్చిన పిదప మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకొనరాదు, సమావేశమునకు వచ్చినవారిలో అయిదింట మూడువంతుల మంది ఒప్పుకొన్న వేరొక సంఘమునకు ఈయవలెను. అనగా ముప్పదియేండ్లు చందా కట్టిన సభ్యునకు కూడ ఒక్క కుర్చీపై హక్కు లేదు. కొందరికి ఇది కఠినముగా తోచును. మాకు మాత్రము ఈ చట్టమంతటిలోను అందమైన నిబంధన ఇదియే. పైన చెప్పిన తీర్పును చూచి నేడు ఎవరును పేకాట గదులు తెరువబోరాదు. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ జూదముల చట్టములను సవరించి పందెముపై ఆడు ఆటలను కట్టుదిట్టము చేసినవి. 2001 చట్టపు కంచె సరేసరి.

పన్నుల సంగతి క్లుప్తముగా చెప్పెదము. రిజిస్ట్రారు ఇచ్చిన పత్రము ఆదాయపు పన్నునుండి మినహాయింపు ఇయ్యదు. పన్నుల శాఖ వద్ద వేరుగా నమోదు కావలెను, ఆ నమోదునకును గడువుండును. ఆటలను ప్రోత్సహించుటను ధర్మకార్యముగా పరిగణింపవచ్చునని పన్నుల బోర్డు 1984 సెప్టెంబరులోనే ఉత్తరువిచ్చినది. ఐతే సంఘము వ్యాపార ధోరణిలో ఆర్జించునది మొత్తము రాబడిలో నూటికి 20 వంతులు దాటినచో మినహాయింపునకు ముప్పు వచ్చును. క్రికెట్ సంఘములతో సహా అనేక సంస్థల విషయమున 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ హద్దును విపులముగా చర్చించినది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమునకు బదులు 2025 నాటి చట్టము 2026 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చుటచే, పాత విభాగముల సంఖ్యలతో అచ్చైన రశీదు పుస్తకములను ఒకమారు ఆడిటరుకు చూపుట మంచిది.

మన తెలుగువారికి ప్రత్యేకముగా వర్తించు చిక్కు మరొకటి యున్నది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన ఊరి బిడ్డలు ఆటస్థలమునకు గోడ కట్టింతుమని, పిల్లలకు బూట్లు కొందుమని సొమ్ము పంపుదురు. పంపినవారు భారత పౌరులుగనే యుండి, తమ సొంత సొమ్మును బ్యాంకు ద్వారా పంపినచో చిక్కు లేదు. వారు అన్యదేశ పౌరసత్వమును పుచ్చుకొనియున్నచో, ప్రవాస భారతీయ కార్డు చేతనున్నను, ఆ సొమ్ము విదేశీ విరాళమే యగును. 2010 నాటి విదేశీ విరాళముల చట్టము క్రింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని లేక దానిని తీసికొనరాదు. 2020 సవరణ పిమ్మట అట్టి విరాళములు మొదట ఢిల్లీలోని భారతీయ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే చేరవలెను. ఇచ్చినవాడు మన వీధివాడే, మన బడిలో చదివినవాడే. చట్టము చూచునది ఊరిని కాదు, పాసుపోర్టును. సంబరముగా సొమ్ము పుచ్చుకొని, ఫోటో తీయించి పత్రికలో వేయించుటకు ముందు ఈ ఒక్క ప్రశ్న అడుగుట మేలు.

ఇంతవరకు సొమ్ము మాట. ఆటగాని మాటకు వత్తము. ‘ఔత్సాహిక క్రీడాకారుడు’ అను పదమునకు ఒకప్పుడు ప్రపంచమంతట కఠినమైన అర్థముండెడిది. ఆటవలన ఒక్క కాసు పుచ్చుకొన్నను వాడు ఔత్సాహికుడు కాడు. 1912 స్టాక్‌హోం ఒలింపిక్ క్రీడలలో రెండు స్వర్ణపతకములు గెలిచిన అమెరికా ఆదివాసి వీరుడు జిమ్ థార్ప్, అంతకు ముందెన్నడో చిన్న బేస్‌బాల్ జట్టులో కొద్దిపాటి కూలికి ఆడెనని 1913లో ఆ పతకములను లాగికొనిరి. 1982లో తిరిగి ఇచ్చుటకు నిర్ణయించిరి; అప్పటికి ఆయన గతించి దాదాపు ముప్పదియేండ్లు. ఏకైక విజేతగా ఒప్పుకొనుటకు 2022 వరకు పట్టినది. నాటి నియమములు భారమునంతటిని ఆటగాని నెత్తిన పెట్టెను. సంఘములను అడుగువారు లేరు. గడచిన కొన్ని దశాబ్దములలో చట్టము ఈ భారమును క్రమముగా ఆటగానినుండి సంఘముపైకి మార్చుచున్నది. ఇది మంచి మార్పు. కాని తీరికగా వచ్చుచున్నది.

దీనికి ఉదాహరణములు మన ఇంటిలోనే యున్నవి. హైదరాబాదు క్రికెట్ సంఘపు తగవులు తెగకపోగా, సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావుగారిని ఏకసభ్య సంఘముగా నియమించెను. ఒకే వ్యక్తియో, ఒకే కుటుంబమో అనేక క్లబ్బులను చేతిలో నుంచుకొని అన్ని ఓట్లను తామే వేయుచుండుటను ఆయన గుర్తించి, 57 క్లబ్బులకు ఎన్నికలలో ఓటు లేకుండ చేసిరి. పుస్తకములలో ప్రతి క్లబ్బునకును వేరు పేరు, వేరు ముద్ర ఉన్నవి. కాగితము సరిగా నున్నంత మాత్రమున చట్టమును పాటించినట్లు కాదని ఇంతకన్న స్పష్టముగా చెప్పు నిదర్శనము అరుదు.

కబడ్డీ మాట ఇంకను విచారకరము. ఔత్సాహిక కబడ్డీ సమాఖ్య యని పేరు పెట్టుకొన్న జాతీయ సంఘమునకు ఒక జీవితకాలపు అధ్యక్షుడును, ఆయన భార్యయే అధ్యక్షురాలును ఉండుట చెల్లదని 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పి, పాలకుని నియమించెను. పాలన సరిదిద్దుట అవసరమే. కాని దానికి ఏండ్లు పట్టినవి. ఎన్నికైన కార్యవర్గమునకు అధికారము దక్కక, అంతర్జాతీయ సంఘపు గుర్తింపు లేక, ఆసియా పోటీలకు పోవు దారి మూసికొనగా, తుదకు ఆటగత్తెలే సుప్రీంకోర్టు తలుపు తట్టిరి. 2025 ఫిబ్రవరిలో న్యాయస్థానము ఎన్నికైనవారికి పాలన అప్పగింపుమని ఆదేశించిన పిమ్మట జట్టునకు దారి దొరికినది. కూత పెట్టి బరిలో దిగవలసిన పిల్లలు న్యాయవాదుల గుమ్మములు ఎక్కవలసి వచ్చినది.

అన్నిటికన్న బరువైన విధి పిల్లల రక్షణ. ఆటల సంఘములలో ఎంతో పని మైనరులతో జరుగును. ఊరూరు తిరుగు జట్లు, రాత్రి బసలు, శిక్షకునిపై అంతులేని గురి - వీనియందే అపాయము కూడ దాగియున్నది. 2012 నాటి పోక్సో చట్టపు 19వ విభాగము ప్రకారము, బాలబాలికలపై లైంగిక నేరము జరిగినదని గాని, జరుగవచ్చునని గాని తెలిసిన ఏ వ్యక్తియైనను పోలీసులకు తెలుపవలెను. ఇందులో ఐచ్ఛికము లేదు. సంస్థను నడుపు వ్యక్తి తన చేతి క్రిందివాడు చేసిన నేరమును తెలుపనిచో ఒక సంవత్సరము వరకు ఖైదు, జరిమానా కలవు. ‘సంఘము పరువు పోవును, లోలోపల సర్దుకొందము’ అని పెద్దలు గదిలో కూర్చుండి మాటలాడుకొనుట ఉన్నదే, ఆ కూర్చుండుటయే నేరమగును. శిక్షకుని చేత రాజీనామా వ్రాయించుకొని పంపివేయుటవలన బాధ్యత తీరదు. అతడు పొరుగూరి సంఘములో చేరి ఈల ఊదుచుండును.

స్త్రీల విషయమున 2013 నాటి చట్టము పనిచేయు చోటనగా నేమో నిర్వచించుచు, శిక్షణకైనను పోటీలకైనను వాడు క్రీడాసంస్థలను, స్టేడియములను, ఆటస్థలములను పేరుపెట్టి చేర్చినది. పదిమందియో అంతకెక్కువ మందియో పనిచేయు సంస్థలో అంతర్గత సంఘముండవలెను. అంతకు తక్కువైనచో జిల్లాలోని స్థానిక సంఘమునకు ఫిర్యాదు చేసికొనవచ్చును. మాది చిన్న సంఘము, మాకివి వర్తింపవనుట చెల్లదు. జిల్లా సంఘమెక్కడ నున్నదో, ఎవరికి వ్రాయవలెనో ఆడపిల్లలకును వారి తల్లిదండ్రులకును చేరిన మొదటి దినముననే కాగితముపై వ్రాసి ఈయవలెనని మా అభిప్రాయము. చట్టము అంతవరకు చెప్పలేదు. చెప్పనక్కర లేదు కూడ.

మందుల మాటయు ఉన్నది. 2022లో జాతీయ డోపింగు నిరోధక చట్టము వచ్చినది. నిషిద్ధ ద్రవ్యము శరీరమున దొరికినచో, తెలిసి తిన్నను తెలియక తిన్నను మొదటి బాధ్యత ఆటగానిదే. శిక్షకుడు ఇచ్చిన పొడియో, జలుబు మాత్రయో పిల్లవాని ఆటను ఏండ్ల తరబడి ఆపగలదు. భారము సంఘముపైకి మారుచున్నదని పైన అంటిమి. ఇక్కడ మాత్రము ఇంకను ఆటగానిపైననే యున్నది. అందుచే చెప్పవలసిన పూచీ సంఘమునకు మరింత హెచ్చు.

2025 ఆగస్టు 18న రాష్ట్రపతి ఆమోదము పొందిన జాతీయ క్రీడా పాలన చట్టము ఈ విధులను జాతీయస్థాయిలో ఒకచోట చేర్చినది. జాతీయ సంఘపు కార్యవర్గము పదునైదుగురికి మించరాదు. అందు కనీసము ఇద్దరు పేరెన్నికగన్న ఆటగాండ్రు, నలుగురు స్త్రీలు ఉండవలెను. సురక్షిత క్రీడావిధానము, ఫిర్యాదులు విను ఏర్పాటు తప్పనిసరి. గుర్తింపు ఇచ్చుటకు ఒక బోర్డు, ఎన్నికలకు ఒక జాబితా, తగవులకు ఒక న్యాయాధికరణము ఏర్పడవలెనని చట్టము చెప్పుచున్నది. ఈ చట్టము ముఖ్యముగా కట్టడి చేయునది జాతీయ సంఘములను. చెరువుగట్టు క్రింది వాలీబాల్ సంఘము ఇప్పటికిని 2001 చట్టము క్రిందనే యుండును. ఐనను జాతీయ సంఘము రాష్ట్ర సంఘమును, అది జిల్లా సంఘమును, అది ఊరి సంఘమును అవే పత్రములడుగుట త్వరలోనే మొదలు కాగలదు. అనుబంధమును పునరుద్ధరించుకొనునాటికి కడపటి సర్వసభ్య సమావేశపు మినిట్సు, తనిఖీయైన జమాఖర్చులు, రిజిస్ట్రారు కార్యాలయపు ముద్రపడిన కార్యవర్గ జాబితా చేతిలో లేని సంఘపు జట్టు ఆ యేడు పోటీలకు పోజాలదు. ఆ మూడు పత్రములలో ఏది లేదో నేడే బీరువా తెరచి చూచుకొనవచ్చును.